నీరక్షీర వివేకం

ఉద్దేశం

గృహాలలో ప్రతిదినం ఏర్పడే చెత్తను ఏర్పడిన చోటనే సక్రమంగా వేరుచేయవలసిన అవసరాన్ని, వేరుచేసిన వస్తువులు తిరిగి కలుషితమైతే కలిగే నష్టాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, సహేతుకంగా, సోదాహరణంగా వివరించే రచన వ్యాసం.

పాఠ్యభాగం

భారతీయ కవులు హంసకు ఒక విశిష్టగుణాన్ని ఆపాదించారు. పాలు, నీరు కలిపి ముందుంచితే హంస పాలను మాత్రమే గ్రహించి నీటిని విడిచిపెడుతుందని వర్ణించారు. దీనినే నీరక్షీర వివేకం అన్నారు. మంచిచెడ్డలను వేరుచేసి చూడగల బుద్ధికి ఈ మాట పర్యాయపదమైంది. ఇది కవిసమయమే గాని ప్రకృతిలో కనిపించే సత్యం కాదు. పాలలో ఒకసారి కలిసిన నీటిని విడదీయడం హంసకు సాధ్యం కాదు. కాబట్టి పాలలో నీరు కలవకుండా చూడడమే అసలైన వివేకం. ఇంటి చెత్త విషయంలో ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

ఒక సామాన్య కుటుంబంలో ఒక్కరోజు పోగయ్యే చెత్తను పరిశీలిస్తే ఈ విషయం బోధపడుతుంది. ఉదయం ఖాళీ అయిన పాల ప్యాకెట్టు, టీ పిప్పి, కూరగాయల తొక్కలు, చదివి పడవేసిన దినపత్రిక, పూజలో వాడిన పూలు, మధ్యాహ్నం మిగిలిన సాంబారు, మందుబిళ్ళల అట్ట, తాగి పారేసిన నీళ్ల సీసా, గడియారంలో నుండి తీసిన పాత బ్యాటరీ - ఇవన్నీ ఆ చెత్తలో ఉంటాయి. విడివిడిగా ఉన్నంతవరకు వీటిలో చాలావాటికి ప్రయోజనం ఉంది. తొక్కలు ఎరువవుతాయి. దినపత్రిక మళ్ళీ కాగితమవుతుంది. సీసా దారంగా, వస్త్రంగా మారగలదు. అన్నీ ఒకే బుట్టలో పడి, పైన సాంబారు ఒలికిన క్షణం నుండి వాటిలో ఏదీ దేనికీ పనికిరాకుండా పోతుంది. వస్తువు వల్ల కాక, కలయిక వల్లనే చెత్త చెత్త అవుతున్నది.

కుడితి తొట్టి నేర్పిన పాఠం

వెనుకటి తరాలవారికి చెత్తను వేరుచేయడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. పల్లెటూళ్లలో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు కుడితి తొట్టిలోకి చేరేవి. పొయ్యిలోని బూడిద అంట్లు తోమడానికి ఉపయోగపడేది. పేడ, ఆకులు, అలములు పెంటకుప్పకు చేరి, ఏడాది తిరిగేసరికి పొలానికి ఎరువుగా తరలేవి. పాతచీరలు బొంతలయ్యేవి. చిరిగిన బట్టలకు సామాన్లు ఇచ్చేవారు వీధిలోకి వచ్చేవారు.

వీటిలో కుడితి తొట్టి ప్రత్యేకంగా గమనించదగినది. ఆ తొట్టిలో గాజుపెంకు గాని, సూది గాని, సబ్బునీళ్లు గాని పడకుండా ఇల్లాలు ఎంతో జాగ్రత్త వహించేది. ఏ చట్టమూ ఆమెకు ఆ నియమం విధించలేదు. ఆ కుడితి తాగే గేదె ఆమె కళ్లెదుటే ఉండేది. దాని నోటికి గాయమైతే ఆ బాధ్యత తనదేనని ఆమెకు తెలుసు. నేటి పట్టణవాసి తన బుట్టలో వేసిన వస్తువు ఎవరి చేతికి చేరుతున్నదో చూడడం లేదు. చెత్తబండి వీధి మలుపు తిరగగానే ఆ చెత్తతో తన సంబంధం తీరిపోయిందని భావిస్తున్నాడు. నేటి సమస్యకు ఇదే మూలం.

కాగితం

పాత కాగితాన్ని మిల్లులో పెద్ద తొట్టెలలో నీటితో కలిపి చిలికి, కాగితపు గుజ్జు చేస్తారు. ఆ గుజ్జులోని సన్నని నారపోగులే కొత్త కాగితంగా అల్లుకుంటాయి. మట్టి నీటితో పోతుంది. పిన్నులను యంత్రాలు వేరుచేస్తాయి. నూనె మాత్రం నీటిలో కరగదు. పోగులకు పట్టుకొని కాగితంపై మచ్చలుగా మిగిలిపోతుంది. మిరపకాయ బజ్జీలు చుట్టిన కాగితం, బిరియానీ తెచ్చిన అట్టపెట్టె మడుగు కాగితాల కట్టతో కలిస్తే ఆ కట్ట విలువే పడిపోతుంది. తడిసిన కాగితం బూజు పట్టి పోగులు బలహీనపడతాయి.

కాగితంలా కనిపించేవన్నీ కాగితాలు కావు. టీ తాగే కాగితపు కప్పుకు లోపల పలుచని ప్లాస్టిక్కు పూత ఉంటుంది. మెరిసే పొరలు అద్దిన శుభలేఖలూ, పూత పూసిన విస్తళ్లూ అటువంటివే. దుకాణాలలో యంత్రం నుండి వచ్చే రశీదుపై గోటితో గీస్తే నల్లని గీత పడుతుంది. అది రసాయనం పూసిన కాగితం కాబట్టి దానిని పాత కాగితాలలో కలపరాదు. అనుమానం కలిగినప్పుడు కాగితాన్ని చించి చూడడం సులభమైన పరీక్ష. చిరిగిన అంచున పలుచని పొర సాగితే అది కట్టలో చేరదగినది కాదు. కాగితపు పోగు ప్రతిసారీ కొంత పొట్టిదవుతుంది కాబట్టి సుమారు ఐదు నుండి ఏడుసార్లు మాత్రమే తిరిగి కాగితం కాగలదు. ఆ పరిమితమైన ఆయుష్షును నూనె మరక మధ్యలోనే తుంచివేస్తుంది.

ప్లాస్టిక్కు

ప్లాస్టిక్కు ఒకే పదార్థం కాదు. వస్తువు అడుగుభాగాన త్రికోణంలో 1 నుండి 7 వరకు ఉండే అంకె ఆ ప్లాస్టిక్కు ఏ రకానికి చెందినదో తెలుపుతుంది. ఆ త్రికోణం ఉన్నంతమాత్రాన ఆ వస్తువు తప్పక పునరుపయోగానికి వస్తుందని అర్థం కాదు. 1 నీళ్ల సీసాలు చేసే పెట్ రకం. 3 గొట్టాలు మొదలైనవి చేసే పి.వి.సి. రకం. ఈ రెండూ కలిస్తే వచ్చే చిక్కు చెప్పుకోదగినది. పెట్ సుమారు 250 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. అంత వేడికి చేరకముందే పి.వి.సి. విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వెలువరిస్తుంది. ఆ ఆమ్లం పెట్ నాణ్యతను చెడగొడుతుంది. రెండూ నీటికంటె బరువైనవే కాబట్టి నీటిలో ముంచి, తేలేదానిని మునిగేదానిని విడదీసే సులభమైన పద్ధతి వీటికి పనికిరాదు. బకెట్టెడు పాలకు ఒక్క నిమ్మచెక్క చాలినట్లు, రాశిగా ఉన్న మంచి ప్లాస్టిక్కుకు కొద్దిపాటి చెడు చాలు.

పాల ప్యాకెట్టు విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, దానిని కడిగి ఆరబెట్టడం. లోపల మిగిలిన పాలు పులిసి దుర్వాసన పుట్టిస్తాయి, పురుగులను ఆకర్షిస్తాయి. రెండవది, మూలను కత్తిరించేటప్పుడు ఆ ముక్కను పూర్తిగా తెంచకుండా ప్యాకెట్టుకే అంటి ఉండేటట్లు వదలడం. తెగిపోయిన చిన్న మూల ఎవరి చేతికీ చిక్కదు. కాలువలలోకి, పశువుల కడుపులోకి చేరుతుంది. చిరుతిండ్ల మెరుపు ప్యాకెట్లలో ప్లాస్టిక్కు, లోహపు పూత కలిసి అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం కాబట్టి తుక్కు వ్యాపారులు వాటిని కొనరు. ఇటువంటివాటిని తగ్గించి కొనడమే మేలు.

గాజు, లోహాలు

గాజు సీసాను ఎన్నిసార్లయినా కరిగించి మళ్ళీ సీసాగా చేయవచ్చు. పింగాణీ కప్పు పెంకు అందులో కలిస్తే గాజు కొలిమి వేడికి అది కరగదు. కొత్త సీసాలో రాయిలా మిగిలి, ఆ సీసాను బలహీనపరుస్తుంది. వేడిని తట్టుకునే వంటగాజు పాత్రలు కూడా సీసాలతో కలపదగినవి కావు. లోహాలలో అల్యూమినియం విశిష్టమైనది. ఖనిజం నుండి తీయడానికి పట్టే శక్తిలో సుమారు 95 శాతం పాత అల్యూమినియాన్ని కరిగించడం వల్ల ఆదా అవుతుంది. మందుబిళ్ళల అట్టలో మాత్రం అల్యూమినియం ప్లాస్టిక్కుతో అతుక్కొని ఉంటుంది కాబట్టి దానిని శుద్ధమైన లోహంగా భావించరాదు.

తడి చెత్తకూ కల్తీ ఉంది

పొడి చెత్తను తడి పాడుచేసినట్లే తడి చెత్తను పొడి పాడుచేస్తుంది. మిగిలిన అన్నాన్ని పాలిథిన్ సంచిలో పోసి ముడివేసి బుట్టలో వేసేవారు అనేకులు. సంచిలో గాలి సోకక అన్నం కుళ్లుతుంది గాని ఎరువు కాదు. పూలదండలోని ప్లాస్టిక్కు దారం, అగరువత్తుల పెట్టె పైకప్పు, కర్పూరం పొట్లం కాగితం పూలతో కలిసి పోతాయి. ఇవన్నీ ఎరువుతోపాటు పొలానికి చేరుతాయి. గాజుపెంకు రైతు కాలికి, బ్యాటరీలోని విషలోహం నేలకు హాని చేస్తాయి. పూలను దండ నుండి తీసి వేయడం, తడి చెత్తను సంచి లేకుండా బుట్టలోకి వంచడం చిన్న పనులే అయినా ఫలితం పెద్దది.

బ్యాటరీలు, ట్యూబులైట్లు, కాలం తీరిన మందులు, పురుగుమందుల సీసాలు, సూదులు మూడవ తరగతికి చెందుతాయి. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. సెల్‌ఫోను బ్యాటరీ నలిగితే నిప్పు పుడుతుంది. చెత్తబండిలోని ఎండు కాగితాలకు అది అంటుకుంటుంది. వీటిని ఎట్టి పరిస్థితులలోనూ తడి చెత్తతో గాని పొడి చెత్తతో గాని కలపరాదు.

కల్తీ వెల

కల్తీ ఎంత నష్టదాయకమో చెప్పడానికి ఒక అంతర్జాతీయ ఉదాహరణ ఉంది. సంపన్న దేశాలు తమ పాత కాగితాన్ని, ప్లాస్టిక్కును ఏళ్ల తరబడి చైనాకు ఎగుమతి చేసేవి. ఆ సరుకులో మలినం పెరిగిపోవడంతో చైనా 2018లో పలు రకాల దిగుమతులను నిషేధించింది. మిగిలినవాటిలో పెక్కింటికి మలినం 0.5 శాతానికి మించరాదని నిబంధన విధించింది. వంద కిలోల కాగితంలో అరకిలో మలినం మాత్రమే అనుమతి అన్నమాట. ఆ ప్రమాణాన్ని అందుకోలేక అనేక నగరాలలో సేకరించిన సరుకు గిడ్డంగులలో పేరుకుపోయింది. "వేరుచేశాము" అనుకున్నది నిజంగా వేరు కాలేదని అప్పుడు వెల్లడైంది.

ఏరే చేతులు

భారతదేశంలో చెత్తను చివరకు వేరుచేసేది ఎక్కువగా మనుషుల చేతులే. పారిశుద్ధ్య కార్మికులు, చిత్తుకాగితాలు ఏరుకునేవారు, పాత పేపర్లు కొనేవారు, తుక్కు దుకాణాలవారు - వీరి జీవనోపాధి పొడి చెత్తపై ఆధారపడి ఉంది. వీరిలో స్త్రీలు అధికం. హంసకు కవులు అప్పగించిన పనిని సమాజం వీరికి అప్పగించింది. హంస వేరుచేసేది పాలనూ నీటినీ. వీరి చేతికి తగిలేది గాజుపెంకు, బ్లేడు, వాడిన సూది, కుళ్లిన అన్నం.

పుణె నగరంలో చెత్త ఏరుకునే కార్మికులు 1993లో సంఘంగా ఏర్పడ్డారు. అనంతరం 2008లో ఇంటింటి చెత్త సేకరణకు సహకార సంస్థను స్థాపించుకున్నారు. వాడిన శానిటరీ న్యాప్‌కిన్లు, పసిపిల్లల డైపర్లు విప్పి చూస్తే గాని ఏమిటో తెలియని స్థితి వారికి అవమానకరంగాను, అనారోగ్యకరంగాను ఉండేది. వాటిని కాగితంలో చుట్టి, పైన ఒక ఎర్రచుక్క పెట్టి ఇవ్వవలసిందిగా వారు 2017లో ప్రజలను కోరారు. ఎర్రచుక్క పెట్టడానికి ఖర్చు లేదు. ఆ పొట్లం విప్పవలసిన అవసరం మాత్రం తప్పుతుంది.

చట్టాలు, ప్రయత్నాలు

పురపాలక ఘన వ్యర్థాల నిర్వహణకు భారత ప్రభుత్వం 2000లో నియమాలను రూపొందించింది. వాటి స్థానంలో 2016లో వచ్చిన నియమాలు చెత్తను తడి, పొడి, గృహసంబంధమైన అపాయకర వ్యర్థాలు అని మూడుగా వేరుచేసి ఇవ్వడాన్ని ప్రతి ఇంటికీ విధిగా నిర్ణయించాయి. 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు నిర్దేశించిన కొత్త నియమాలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగు విభాగాలను పేర్కొన్నాయి. 2016 నాటి నియమాల ప్రకారం శానిటరీ వ్యర్థాలు చుట్టినప్పటికీ పొడి చెత్త బుట్టలోనే చేరేవి. వాటికి ఇప్పుడు వేరు స్థానం లభించింది.

తెలుగునేలపై ఈ కృషి కొత్తది కాదు. అప్పటి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట పురపాలక సంఘం 2003 ప్రాంతంలోనే వీధులలోని చెత్తకుండీలను తొలగించి, ఇంటింటికీ రెండు బుట్టలు ఇచ్చి, తడి చెత్తతో వానపాముల ఎరువు తయారుచేసి, పొడి చెత్తను అమ్మి దేశం దృష్టిని ఆకర్షించింది. 2012 అక్టోబరులో వరంగల్లులో జరిగిన స్వచ్ఛ నగరాల పోటీ ఇంటింటి సేకరణకు, వేరుచేయడానికి ప్రోద్బలమిచ్చింది. హైదరాబాదులో 2015లో తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం రంగు బుట్టలు పంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ఆరంభమైన కార్యక్రమంలో పట్టణ గృహాలకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల మూడు బుట్టలు ఇచ్చారు. బుట్టలు ఇవ్వడం ప్రభుత్వం పని. ఏ వస్తువు ఏ బుట్టలో పడాలో నిర్ణయించేది వంటింట్లో నిలిచిన మనిషి.

రెండు సందేహాలు

ఈ విషయంలో సామాన్యంగా రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. "ఇంట్లో వేరుచేసి ఇచ్చినా బండిలో కలిపేస్తారు కదా" అనేది మొదటిది. ఇది నిరాధారమైన ఫిర్యాదు కాదు. వేరుచేసిన చెత్తను వేరుగానే తరలించడం స్థానిక సంస్థల బాధ్యత. అయితే వీధిలోని ఇళ్లన్నీ వేరుచేసి ఇచ్చినప్పుడే బండిలో రెండు అరలు కావాలని అడిగే అధికారం ఆ వీధికి కలుగుతుంది. పైగా శుభ్రమైన కాగితాలను, సీసాలను పాత పేపర్లు కొనేవారికి నేరుగా ఇస్తే అవి బండి ఎక్కవలసిన అవసరమే ఉండదు.

"కడగడానికి నీళ్లు వృథా కావా" అనేది రెండవ సందేహం. పాల ప్యాకెట్టును తళతళలాడేటట్లు తోమవలసిన పనిలేదు. బియ్యం, కూరలు కడిగిన నీటితో ఒకసారి తొలిచి, బోర్లించి ఆరబెడితే చాలు.

ప్లాస్టిక్కులోని ఏడు రకాలను ప్రతి గృహిణీ గుర్తించవలసిన పనిలేదు. ఆ సూక్ష్మజ్ఞానం తుక్కు దుకాణాలవారికి పుష్కలంగా ఉంది. ఇంటివారు పాటించవలసినవి మూడే నియమాలు: పొడి బుట్టలో వేసే వస్తువు ఖాళీగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి, ఎండి ఉండాలి. సందేహాస్పదమైన వస్తువును ఎవరో ఒకరు చూసుకుంటారని ఆశతో అందులో వేయడం మేలు చేయదు. మంచి వస్తువులను కూడా అది చెడగొడుతుంది. పగిలిన గాజును దళసరి కాగితంలో చుట్టి, చెత్త తీసుకునే మనిషికి నోటితో చెప్పి అందించాలి.

పర్యావరణ పరిరక్షణ అనగానే అరణ్యాలు, నదులు, మంచుకొండలు స్ఫురిస్తాయి. అది వంటింటి మూలన ఉన్న బుట్ట దగ్గరే ఆరంభమవుతుంది. కుడితి తొట్టిలో చేయి పెట్టే ముందు ఆనాటి ఇల్లాలు గేదెను తలచుకున్నది. బుట్టలో వస్తువు వేసే ముందు ఈనాటి గృహస్థు ఆ వస్తువును ఏరబోయే చేతిని తలచుకుంటే చాలు. అదే నిజమైన నీరక్షీర వివేకం.

కఠిన పదాలు - అర్థాలు

కవిసమయం : లోకంలో లేకున్నా కవులు సంప్రదాయంగా వర్ణించే విషయం
క్షీరం : పాలు
ఆపాదించు : కలిగించి చెప్పు
సోదాహరణంగా : ఉదాహరణలతో కూడినట్లు
కుడితి : బియ్యం కడిగిన నీరు, గంజి, తొక్కలు మొదలైనవి కలిపి పశువులకు పెట్టేది
బొంత : పాతబట్టలు కలిపి కుట్టిన పరుపు వంటిది
విచ్ఛిన్నం : ముక్కలు కావడం, విడిపోవడం
ప్రోద్బలం : ప్రేరణ, బలమైన తోడ్పాటు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కాగితం, ప్లాస్టిక్కు, గాజు ఏ విధంగా కలుషితమవుతాయో వివరించండి.
2. చెత్తను వేరుచేయడంలో గృహస్థుల బాధ్యతను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కుడితి తొట్టి ఉదాహరణ ద్వారా పాఠం బోధించిన నీతి ఏమిటి?
2. తడి చెత్త కల్తీ కావడం వల్ల కలిగే నష్టాలేమిటి?
3. పుణె కార్మికులు ప్రజలను ఏమని కోరారు? ఎందుకు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కాగితపు పోగు సుమారు ఎన్నిసార్లు తిరిగి కాగితం కాగలదు?
2. ట్యూబులైటులో ఉండే విషపదార్థం ఏది?
3. పొడి బుట్టలో వేసే వస్తువుకు ఉండవలసిన మూడు లక్షణాలేవి?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. వస్తువు వల్ల కాక, కలయిక వల్లనే చెత్త చెత్త అవుతున్నది.
2. ఎర్రచుక్క పెట్టడానికి ఖర్చు లేదు.

ఉ) పదాలు విడదీసి సంధి పేరు తెలపండి
పునరుపయోగం, పర్యావరణం, జీవనోపాధి, సందేహాస్పదం

ఊ) విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి
మంచిచెడ్డలు, మూడు బుట్టలు, కుడితి తొట్టి

ఋ) ప్రాజెక్టు పని
ఒక వారం పాటు ఇంటిలోని పొడి చెత్తను పరిశీలించి, అందులో కలుషితమైన వస్తువులెన్నో, వాటి కలుషితానికి కారణమేమిటో పట్టికగా రాయండి. సమీపంలోని తుక్కు దుకాణానికి వెళ్లి, వారు కొనే వస్తువులు, తిరస్కరించే వస్తువులు అడిగి తెలుసుకొని తరగతిలో చర్చించండి.